చలికొండకు బయలుదేరే ముందు

అల్లూరి సీతారామరాజు జిల్లా చింతపల్లి మండలంలోని లంబసింగికి స్థానికంగా మరో పేరు ఉంది: కొర్రబయలు. కొర్ర అంటే కర్ర. చలికాలపు రాత్రి ఆరుబయట ఉండిపోయిన మనిషి తెల్లవారేసరికి కర్రలా బిగుసుకుపోతాడన్న భావంతో ఆ పేరు వచ్చిందని చెబుతారు. సముద్రమట్టానికి దాదాపు వెయ్యి మీటర్ల ఎత్తున ఉన్న ఈ ఊరిలో డిసెంబరు, జనవరి నెలల్లో ఉష్ణోగ్రత కొన్ని రోజులు సున్నా డిగ్రీల దరిదాపులకు దిగుతుంది. ఒకప్పుడు ఈ పేరు వింటేనే జనం జంకేవారు. ఇప్పుడు ఆ చలిని చూడటానికే విశాఖపట్నం, కాకినాడ, రాజమహేంద్రవరం, విజయవాడల నుంచి కుటుంబాలు బయలుదేరుతున్నాయి. పాడేరు సమీపాన ఉన్న వంజంగి కొండను చీకటిలోనే ఎక్కి, మేఘాల మీద సూర్యుడు ఉదయించే దృశ్యం కోసం ఎదురుచూస్తున్నాయి.

ఈ ప్రయాణం మన పిల్లలకు ఎంతో మేలు చేస్తుంది. సృష్టిలోని అందాన్ని కళ్ళారా చూడటం, కాళ్ళతో కొండ ఎక్కడం, ఇంటిల్లిపాదీ కలిసి ఒక పూట గడపడం చిన్న విషయాలు కావు. అయితే బయలుదేరాలన్న ఆలోచన రాగానే చలిబట్టల ప్రశ్న ఎదురవుతుంది. కోస్తా ప్రాంతంలో ఉన్నిబట్టలతో పెద్దగా పని ఉండదు. ఐదుగురున్న కుటుంబంలో ఒక్కొక్కరికి ఒక మందపాటి జాకెట్ కొనాలంటే ఆ ఖర్చు ప్రయాణపు ఖర్చును మించిపోవచ్చు. అప్పుడు మన ఇళ్ళలో జరిగేది రెండింటిలో ఒకటి. ప్రయాణం వచ్చే ఏటికి వాయిదా పడుతుంది. లేదా పిల్లలకూ ఇంటి యజమానికీ జాకెట్లు వస్తాయి, తల్లి మాత్రం తన వంతు వదులుకుంటుంది. నూలు సల్వార్ కమీజు మీద పలుచని శాలువా కప్పుకొని, 'నాకంత చలి వేయదులే' అంటుంది. కొండ మీద ఆమె పళ్ళు టకటక కొట్టుకుంటూ ఉంటే ఆ మాట ఎంత నిజమో అందరికీ తెలుస్తుంది.

ఈ రెండూ అవసరం లేదన్నదే ఈ వ్యాసంలో మేము చెప్పదలచుకున్న విషయం. మన కొండల చలికి ఖరీదైన జాకెట్ అనివార్యం కాదు. సరైన వరుసలో వేసుకున్న మూడు సాధారణమైన పొరలు చాలు. వాటిలో చాలా భాగం ఇప్పటికే మన ఇంట్లో ఉంటాయి. మిగిలిన వాటిని ఏ వరుసలో, ఎక్కడ, ఎలా కొనాలో తెలిస్తే ఇంట్లో ఎవరూ తమ వంతు వదులుకోవలసిన పని ఉండదు.

చలి ఎలా పట్టుకుంటుంది?

బట్టలు వేడిని పుట్టించవు. వేడిని పుట్టించేది మన శరీరమే. ఆ వేడి బయటికి పోకుండా ఆపడమే బట్టల పని. నిజానికి ఆపేది కూడా బట్ట కాదు, దాని పోగుల మధ్య కదలకుండా నిలిచిన గాలి. ఉన్ని వెచ్చగా ఉండటానికి కారణం ఇదే. దాని వంకర టింకర పోగుల నడుమ ఎంతో గాలి చిక్కుకొని ఉంటుంది. రెండు పలుచని స్వెటర్లు ఒకదాని మీద ఒకటి వేసుకుంటే వాటి మధ్య మరో గాలిపొర ఏర్పడుతుంది. అందుకే ఆ రెండూ కలిసి చాలాసార్లు ఒక మందపాటి స్వెటర్‌తో సమానంగా పనిచేస్తాయి.

ఈ గాలిపొరకు ఇద్దరు శత్రువులు. మొదటిది తడి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా వేడిని లాగేస్తుంది. నూలుబట్ట చెమటను పీల్చుకుంటుంది గానీ త్వరగా ఆరదు. వేసవిలో ఆ గుణం మనకు హాయినిస్తుంది. చలిలో అదే గుణం ఒంటికి తడిగుడ్డ చుట్టినట్లు చేస్తుంది. రెండవ శత్రువు ఈదురుగాలి. అది బట్టల సందులలో నిలిచిన వెచ్చని గాలిని ఊడ్చుకుపోతుంది. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు ఉన్నప్పుడు గంటకు 40 కిలోమీటర్ల గాలి వీస్తే, కప్పుకోని చర్మానికి అది దాదాపు 6 డిగ్రీల చలిలా తోస్తుంది. తెల్లవారుజామున మోటార్‌సైకిలు మీద కొండదారి ఎక్కేవారు ఈ గాలిని తమ వేగంతో తామే సృష్టించుకుంటారు.

ఎత్తు కూడా ఒక లెక్క ప్రకారం చలిని పెంచుతుంది. సగటున ప్రతి వెయ్యి మీటర్లకు ఉష్ణోగ్రత ఆరున్నర డిగ్రీల దాకా తగ్గుతుంది. అంటే విశాఖ తీరంలో ఉన్న వాతావరణాన్ని చూసి లంబసింగి చలిని ఊహించకూడదు. పైగా మబ్బులు లేని రాత్రి నేల తన వేడిని ఆకాశంలోకి విడిచిపెడుతుంది. చల్లబడిన బరువైన గాలి కొండల మధ్య ఉన్న పల్లపు ప్రాంతాలలోకి జారి నిలుస్తుంది. మన్యంలో గాని, చలికాలంలో ఉష్ణోగ్రత పది డిగ్రీల కంటే కిందికి దిగే ఆదిలాబాద్, కొమురం భీం ఆసిఫాబాద్ జిల్లాల్లో గాని తెల్లవారుజాము అంత కఠినంగా ఉండటానికి ఇదొక కారణం.

మూడు పొరలు, మూడు పనులు

మొదటిది ఒంటికి ఆనుకొని ఉండే పొర. దీని పని చెమటను చర్మం మీద నిలవనీయకపోవడం. పాలిస్టర్ లేదా పలుచని ఉన్నితో చేసినది, ఒంటికి కొంచెం అతుక్కొని ఉండేది దీనికి తగినది. దుకాణాలలో థర్మల్స్ పేరుతో అమ్మేవాటిలో కొన్ని పూర్తిగా నూలువి ఉంటాయి. కదలకుండా కూర్చొనేవారికి అవి చాలు. కొండ ఎక్కేవారికి పనికిరావు.

రెండవది నడిమి పొర. గాలిని పట్టి ఉంచడం దీని పని. ఉన్ని స్వెటర్, యాక్రిలిక్ స్వెటర్, ఫ్లీస్ జాకెట్ ఈ కోవలోకి వస్తాయి. ఉన్ని కాస్త తడిసినా కొంత వెచ్చదనాన్ని నిలుపుకొంటుంది. ఫ్లీస్ తేలికగా ఉంటుంది, త్వరగా ఆరుతుంది. యాక్రిలిక్ చౌక. మూడింటికీ ఒకే లోపం ఉంది. వీచే గాలి వాటి గుండా దూసుకుపోతుంది.

అందుకే మూడవ పొర అవసరమవుతుంది. దీని పని వెచ్చదనం ఇవ్వడం కాదు, గాలినీ మంచునూ ఆపడం మాత్రమే. కాబట్టి ఇది మందంగా ఉండనవసరం లేదు. పలుచని విండ్‌చీటర్ గాని, వానాకాలంలో బండి మీద వేసుకొనే రెయిన్‌కోటు గాని సరిపోతుంది. రెయిన్‌కోటు లోపలి ఆవిరిని బయటికి పోనివ్వదు. కనుక నడిచేటప్పుడు దాని ముందుభాగం తెరచి ఉంచాలి, ఆగినప్పుడు మూసుకోవాలి.

ఈ పద్ధతి కొత్తది కాదు. 1924లో ఎవరెస్టు శిఖరం దారిలో కనుమరుగైన బ్రిటిష్ పర్వతారోహకుడు జార్జ్ మల్లోరీ భౌతికకాయం 1999లో 8,000 మీటర్లకు పైబడిన ఎత్తులో దొరికింది. ఆయన ఒంటి మీద ఉన్నవి పట్టు, నూలు, ఉన్ని పలుచని పొరలు, వాటి మీద గాలిని ఆపే గ్యాబర్డిన్ కోటు. ఆ ముక్కలను పరిశీలించి అదే తీరులో తయారు చేసిన దుస్తులను 2006లో ఎవరెస్టు వాలుల మీద తొడిగి చూశారు. అవి తేలికగా, వెచ్చగా, కదలడానికి అనువుగా ఉన్నాయని తేలింది. నేటి ప్లాస్టిక్ పోగులేవీ లేని ఆ కాలంలోనే పొరల సూత్రం అంత బాగా పనిచేసింది. మన కొండలకు దానిలో పదోవంతు సన్నాహం చాలు.

ముందు ఇంటి బీరువా తెరుద్దాం

బజారుకు వెళ్ళే ముందు ఇంటిల్లిపాది బట్టలూ ఒకచోట పరచి చూడాలి. కాగితం మీద ఒక్కొక్కరి పేరు రాసి, ఎదురుగా మూడు పొరలకు మూడు గళ్ళు గీయాలి. ఉన్నదానికి టిక్కు పెట్టాలి. ఖాళీగా మిగిలిన గళ్ళే మన అసలు అవసరం.

మొదటి పొర దాదాపు ప్రతి ఇంట్లోనూ దొరుకుతుంది. మగపిల్లలు వేసుకొని తిరిగే క్రికెట్ జెర్సీలు చాలావరకు పాలిస్టర్‌వే. చెమటను త్వరగా ఆరనిచ్చే ఆ గుణమే మనకు కావలసినది. పాఠశాల క్రీడాదినానికి కుట్టించిన టీషర్టులూ అంతే. ఆడవారికి సాగే లెగ్గింగులు, అందరికీ ట్రాక్ ప్యాంట్లు కాళ్ళకు మొదటి పొరగా పనికివస్తాయి. జీన్స్ ప్యాంటు మాత్రం చలికొండకు సరైనది కాదు. అది మందపు నూలుబట్ట. మంచుకు తడిసిన గడ్డిలో నడిస్తే మోకాళ్ళదాకా తడిసి గంటలకొద్దీ ఆరదు.

నడిమి పొరగా పిల్లల యూనిఫాం స్వెటర్లు పనికివస్తాయి. పొట్టిదైపోయిన స్వెటర్ తమ్ముడికో చెల్లెలికో సరిపోతుంది. పూర్తిచేతుల స్వెటర్ లేకపోతే చేతులు లేని స్వెటర్ రెండు పొరలుగా వేసుకోవచ్చు. మొండేన్ని వెచ్చగా ఉంచడమే ముఖ్యం. పెద్దలకు ఎవరో కానుకగా ఇచ్చిన ఉన్ని శాలువా బీరువా అడుగున ఉండి ఉంటుంది. దాన్ని పై నుంచి వదులుగా కప్పుకుంటే గాలికి ఎగిరిపోతుంది. స్వెటర్ మీద ఛాతీకి అడ్డంగా చుట్టి, ఆపైన రెయిన్‌కోటు తొడిగితే మంచి నడిమి పొర అవుతుంది.

పాత బట్టలు తీసుకొని స్టీలు సామాను ఇచ్చేవారు వీధిలోకి వచ్చినప్పుడు మన ఇళ్ళలో ముందుగా బయటికి వచ్చేవి వాడని స్వెటర్లే. ఒక గిన్నెకు మూడు స్వెటర్లు ఇచ్చేసి, మరుసటి డిసెంబరులో కొత్తవి కొనడం లాభసాటి బేరం కాదు. బంధువుల ఇళ్ళలో పెద్దపిల్లలకు బిగుతైపోయినవి అడిగి తీసుకోవడంలోనూ సంకోచపడనవసరం లేదు. మనవి వారికి ఇస్తే అది ఇచ్చిపుచ్చుకోవడమే అవుతుంది.

కొనవలసి వస్తే ఎక్కడ, ఎలా?

ఏటా చలికాలం మొదలుకాగానే హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలలో టిబెటన్ కుటుంబాల స్వెటర్ దుకాణాలు వెలుస్తాయి. 1959 తర్వాత భారతదేశానికి శరణార్థులుగా వచ్చిన టిబెటన్లలో చాలామందికి ఇది జీవనాధారమైంది. వారు అమ్మే సరుకులో అధికభాగం ఉన్నిబట్టల పరిశ్రమకు పేరొందిన పంజాబ్‌లోని లూధియానా నుంచి వస్తుంది. సీజను ముగిసే రోజుల్లో సరుకు తిరిగి మోసుకుపోవడం కంటే తగ్గించి అమ్మడానికే వ్యాపారులు మొగ్గుచూపుతారు. ఈ ఏడాది ప్రయాణానికి కాకపోయినా వచ్చే ఏడాదికి కొనుక్కోవడానికి అదే సరైన సమయం. పిల్లలకైతే ఒక సైజు పెద్దది తీసుకోవాలి.

హైదరాబాద్ వాసులకు ఎర్రగడ్డ ఆదివారం సంత, గురువారం నాటి జుమ్మెరాత్ బజారు తెలిసినవే. వాడిన బట్టలు కొనడంలో తప్పేమీ లేదు. చూసి కొనాలి, అంతే. మోచేతుల దగ్గర పలచబడిందా, చంకల కింద కుట్లు ఊడాయా, మణికట్టు దగ్గర సాగుడు మిగిలి ఉందా, జిప్పు పై నుంచి కిందిదాకా ఆగకుండా నడుస్తున్నదా అని పరిశీలించాలి. ఇంటికి తెచ్చాక ఉతికి, మంచి ఎండలో ఆరేసిన తర్వాతనే తొడగాలి.

దుకాణంలో నిలబడి చేయగల చిన్న పరీక్షలు కొన్ని ఉన్నాయి. పై పొరకు ఎంచుకున్న బట్టను నోటికి ఆనించి గట్టిగా ఊదాలి. అవతలి వైపు అరచేతికి గాలి తగిలితే అది ఈదురుగాలిని ఆపదు. స్వెటర్‌ను వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే అల్లిక ఎంత దగ్గరగా ఉన్నదో తెలుస్తుంది. లోపలి చీటీ మీద ఉన్ని, యాక్రిలిక్, పాలిస్టర్, కాటన్ శాతాలు రాసి ఉంటే తప్పక చదవాలి. చీటీ లేని స్వెటర్‌ను ఉన్నిదని అమ్మితే, ఇంటికి వచ్చాక వదులుగా ఉన్న ఒక్క పోగును తీసి పెద్దలు జాగ్రత్తగా కాల్చి చూడవచ్చు. ఉన్ని అయితే వెంట్రుక కాలిన వాసన వచ్చి, వేళ్ళ మధ్య నలిగే బూడిద మిగులుతుంది. యాక్రిలిక్ అయితే కరిగి గట్టి పూసలా మారుతుంది. యాక్రిలిక్ కొనడంలో నష్టం లేదు. ఉన్ని ధర పెట్టి యాక్రిలిక్ కొనడమే నష్టం.

డబ్బు ఏ వరుసలో ఖర్చు చేయాలి?

ఒక కుటుంబం చలిబట్టల కోసం మూడువేల రూపాయలు పక్కన పెట్టిందనుకుందాం. ఆ మొత్తంతో ముందుగా ఒక జాకెట్ కొంటే మిగిలినవారి సంగతి అక్కడితో ఆగిపోతుంది. కాబట్టి ఒకరికి రెండు కొనేముందు అందరికీ ఒకటి అన్న నియమం పెట్టుకోవాలి.

మొదట అందరికీ టోపీలు, మేజోళ్ళు, చేతితొడుగులు. ఇవి అన్నిటికంటే చౌక, అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చేవి. శరీరపు వేడిలో సగం తలనుంచే పోతుందని ఒక మాట వినిపిస్తుంటుంది. అది నిజం కాదు. తల మన శరీర ఉపరితలంలో సుమారు పదోవంతు మాత్రమే. అయితే మిగిలిన ఒళ్ళంతా కప్పుకొని తలను మాత్రం వదిలేస్తే వేడి పోయే దారి అదే అవుతుంది. మన ఊళ్ళలో దొరికే మంకీ క్యాపు తలనూ చెవులనూ మెడనూ ఒక్కసారిగా కాపాడుతుంది. పిల్లలు చూడటానికి బాగుండదని గొణిగినా కొండ మీద దాన్ని తీయరు.

రెండవది, కాగితం మీద నడిమి పొర గడి ఖాళీగా ఉన్నవారికి స్వెటర్ లేదా ఫ్లీస్. మూడవది, రెయిన్‌కోటు కూడా లేనివారికి పలుచని విండ్‌చీటర్. చివరిగా డబ్బు మిగిలితే వృద్ధులకూ పసిపిల్లలకూ ఉన్నిపాలు ఉన్న మంచి థర్మల్స్. ఎందుకంటే కదలకుండా కూర్చొనేది, చలికి త్వరగా లోనయ్యేది వారే.

మేజోళ్ళ విషయంలో ఒక జాగ్రత్త. వెచ్చదనం కోసం రెండు జతలు వేసి బూటులోకి పాదాన్ని ఇరికిస్తే రక్తప్రసరణ తగ్గి కాలు మరింత చల్లబడుతుంది. బూటు లోపల వేళ్ళు ఆడించగలిగినంత ఖాళీ ఉండాలి. ఒక జత మందపాటి మేజోళ్ళు కాళ్ళకు, మరో పొడిజత సంచిలో పెట్టుకోవడం మేలు.

స్త్రీల దుస్తులు

బురఖా ధరించే సోదరీమణులకు ఈ పొరల పద్ధతి ఎంతో అనువైనది. వదులైన బురఖా కింద మొదటి పొర, స్వెటర్ రెండూ ఎవరికీ తెలియకుండా ఇమిడిపోతాయి. అయితే మామూలు బురఖా బట్ట పలుచనిది, గాలిని పూర్తిగా ఆపదు. అందువల్ల విండ్‌చీటర్‌ను స్వెటర్ మీద, బురఖా లోపల వేసుకోవడం మంచి ఉపాయం. కొండ ఎక్కేటప్పుడు అంచులు మంచుతడి గడ్డిలో ఈడ్చుకోకుండా చీలమండ పైకి ఉండే కొలత ఎంచుకోవాలి. లేకపోతే తడి అంచు కాళ్ళకు చుట్టుకొని చల్లదనంతో పాటు జారిపడే ప్రమాదాన్నీ తెస్తుంది. హిజాబ్ కింద సాగే అల్లికటోపీ పెట్టుకుంటే చెవులకు చలి తగలదు.

వుజూ, ఫజ్ర్ నమాజు

డిసెంబరు, జనవరి నెలల్లో సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో అవుతుంది. ఫజ్ర్ వేళ అంతకు గంటకు పైగా ముందే మొదలవుతుంది. వంజంగి వంటి చోట సూర్యోదయం చూడాలంటే చీకటిలోనే నడక ప్రారంభించాలి. అంటే ఫజ్ర్ నమాజు కొండ మీదనో దారిలోనో వస్తుంది. కాబట్టి బట్టల ఎంపికలో వుజూను కూడా దృష్టిలో ఉంచుకోవాలి.

మొదటి పొర, స్వెటర్ చేతులు మోచేతుల పైదాకా సులభంగా జరిగేలా ఉండాలి. బిగుతైన చేతుల అంచులు తడిస్తే ఆ తడి మణికట్టు దగ్గర గంటలకొద్దీ నిలిచి చలిని లోపలికి పంపుతుంది. బసలోనే గోరువెచ్చని నీటితో వుజూ చేసుకొని బయలుదేరడం ఉత్తమం. వుజూ నిలవనివారి కోసం ఒక ఫ్లాస్కులో వేడినీళ్ళు తీసుకువెళ్తే చల్లనీటిలో కలుపుకోవచ్చు. వుజూ తర్వాత చేతులు, ముఖం, వేళ్ళ సందులు తుడుచుకోవడానికి చిన్న తువాలు ఒకటి ప్రత్యేకంగా ఉండాలి. తడి పాదాలతో మేజోళ్ళు తొడగకూడదు.

వుజూతో తొడుగుకున్న తోలు మేజోళ్ళ మీద మసహ్ చేసే వెసులుబాటు స్వస్థలంలో ఉన్నవారికి ఒక పగలూ రాత్రీ, ప్రయాణికులకు మూడు పగళ్ళూ రాత్రులూ ఉన్న సంగతి మనకు తెలిసినదే. ఈ వెసులుబాటు విలువ ఇలాంటి తెల్లవారుజామున తెలిసివస్తుంది. గుడ్డ మేజోళ్ళ విషయంలో ధర్మవేత్తల మధ్య అభిప్రాయభేదాలు ఉన్నాయి గనుక బయలుదేరే ముందే మీ ఇమామ్‌ను అడిగి తెలుసుకోవడం మంచిది. జానమాజు కింద పరచడానికి ఒక ప్లాస్టిక్ షీటు మరువవద్దు. మంచుకు తడిసిన నేల మోకాళ్ళ నుంచీ అరచేతుల నుంచీ వేడిని లాగేస్తుంది. నమాజు తర్వాత కూర్చోవడానికీ అదే షీటు పనికివస్తుంది.

వేసుకోవడమే కాదు, తీయడమూ తెలియాలి

చలికొండ మీద ఇబ్బంది పడేవారిలో చాలామంది తక్కువ బట్టలు వేసుకున్నవారు కారు. అన్నీ ఒకేసారి వేసుకొని నడక మొదలుపెట్టినవారు. వాహనం దిగగానే చలికి వణికి ఉన్నవన్నీ తొడుక్కుంటారు. పావుగంట ఎక్కేసరికి లోపల చెమటతో తడిసిపోతారు. పైకి చేరి సూర్యోదయం కోసం నిలబడగానే గాలి తగులుతుంది. అప్పుడు ఆ తడే వారిని గడ్డకట్టిస్తుంది.

కనుక నడక మొదలుపెట్టేటప్పుడు కొంచెం చలిగా అనిపించేలా ఉండాలి. స్వెటర్ తీసి సంచిలో పెట్టుకోవాలి. చెమట పట్టబోతున్నదని తోచగానే మరో పొర వదులు చేయాలి. పైకి చేరగానే, చలి తెలియకముందే, స్వెటర్, దాని మీద రెయిన్‌కోటు, టోపీ వరుసగా వేసుకోవాలి. మొదటి పొర బాగా తడిస్తే మార్చుకోవడానికి పొడి టీషర్టు ఒకటి ఒక్కొక్కరికి ఉండాలి. అన్నిటినీ ప్లాస్టిక్ సంచిలో చుట్టి పెట్టుకుంటే మంచుకు తడవవు.

ఎత్తుకున్న పసిబిడ్డ విషయంలో తల్లిదండ్రులు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. కొండ ఎక్కుతున్న తండ్రికి చెమట పడుతుంది. ఆయన భుజం మీద కదలకుండా నిద్రపోతున్న బిడ్డకు చలి వేస్తూ ఉంటుంది. మన ఒంటి వేడిని బట్టి బిడ్డ పరిస్థితిని అంచనా వేయకూడదు. మాటిమాటికీ బిడ్డ మెడ వెనుక చేయిపెట్టి చూడాలి. బిడ్డ ముఖాన్ని మాత్రం దుప్పటితో కప్పివేయరాదు. ఉబ్బసం, గుండెజబ్బు ఉన్న పెద్దలు వైద్యుణ్ణి అడిగిన తర్వాతనే ఇలాంటి ప్రయాణానికి సిద్ధపడాలి.

మంటతో జాగ్రత్త

చలికొండలలో విడిది చేసినవారికి చలిమంట వేసుకోవడం ఒక సరదా. యాక్రిలిక్, పాలిస్టర్, ఫ్లీస్ బట్టలు నిప్పురవ్వ పడితే కరిగి చర్మానికి అంటుకుంటాయి. మంట దగ్గర కూర్చొనేటప్పుడు పై పొరగా మందపాటి నూలు దుప్పటి గాని, ఉన్ని శాలువా గాని కప్పుకొని, వేలాడే చున్నీ అంచులను చుట్టుకొని, పిల్లలను దూరంగా ఉంచాలి.

అంతకంటే పెద్ద ప్రమాదం బొగ్గుల కుంపటిని మూసిన గదిలోకో గుడారంలోకో తీసుకుపోవడం. బొగ్గునుంచి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ వాయువుకు రంగూ వాసనా ఉండవు. నిద్రలో ఉన్నవారికి తెలియకుండానే ప్రాణం తీస్తుంది. తలుపులు వేసిన వాహనంలో ఇంజన్ నడుపుతూ నిద్రపోవడమూ ఇంతే ప్రమాదకరం. రాత్రి చలికి పొరలూ దుప్పట్లే మార్గం, నిప్పు కాదు.

శరీరం లోపలి ఉష్ణోగ్రత 35 డిగ్రీల కంటే కిందికి దిగితే అది వైద్యసహాయం అవసరమైన స్థితి. ఆపుకోలేని వణుకు, తడబడే మాట, తూలే నడక, అయోమయం దాని గుర్తులు. వణుకుతున్న మనిషి తేరుకోకుండానే వణకడం మానేస్తే పరిస్థితి మెరుగుపడిందని కాదు, విషమించిందని అర్థం. అలాంటివారిని గాలి తగలని చోటికి చేర్చి, తడిబట్టలు తీసి పొడివి తొడిగి, దుప్పట్లు చుట్టాలి. స్పృహలో ఉండి మింగగలిగితే తియ్యని వేడి పానీయం తాగించాలి. కాళ్ళూ చేతులూ గట్టిగా రుద్దకూడదు, మంటకు దగ్గరగా పెట్టకూడదు. వెంటనే 108కు ఫోను చేయాలి.

మంచు కురిసే చోటికి వెళ్ళేవారికి

కశ్మీర్‌కో మనాలికో వెళ్ళే కుటుంబాల అవసరం వేరు. మంచులో దిగడానికి పొడవాటి కోటు, నీరు దూరని బూట్లు కావాలి. రెండుమూడు గంటల కోసం వాటిని కొనడం వృథా. మనాలి నుంచి రోహ్తాంగ్ వెళ్ళే దారిలోనూ, గుల్మార్గ్ పరిసరాలలోనూ వాటిని ఒక పూటకు అద్దెకిచ్చే దుకాణాలు ఉన్నాయి. అద్దె కోటు మీది పొర మాత్రమే. లోపలి రెండు పొరలు మనవే అయితే శుభ్రతకూ వెచ్చదనానికీ లోటుండదు. అద్దె బూట్లలోకి మన సొంత మేజోళ్ళు తీసుకువెళ్ళాలి. తీసుకొనేముందు ధర మాట్లాడుకొని, చిరుగులు ఏమైనా ఉంటే దుకాణదారుకు చూపించి, ఫోనులో ఫొటో తీసుకుంటే తిరిగి ఇచ్చేటప్పుడు పేచీ రాదు.

తిరిగి వచ్చాక

ప్రయాణం ముగిసిన తర్వాత చేసే పనిని బట్టే వచ్చే ఏడాది ఖర్చు ఉంటుంది. ఉన్ని స్వెటర్‌ను వేడినీళ్ళలో ఉతికితే కుంచించుకుపోతుంది. చల్లనీళ్ళలో నానబెట్టి, పిండకుండా నొక్కి నీరు తీసి, నీడలో చదునుగా పరచి ఆరబెట్టాలి. తాడు మీద వేలాడదీస్తే బరువుకు సాగిపోతుంది. ఫ్లీస్‌కు ఇస్త్రీ పెట్టరాదు. రెయిన్‌కోటును మడతల్లో తడి లేకుండా ఆరబెట్టి పెట్టాలి. ఉన్నిబట్టలను పూర్తిగా ఆరిన తర్వాత ఎండువేపాకుతో కలిపి సంచిలో కట్టి ఉంచడం మన పెద్దలు పాటించిన పద్ధతి.

సర్దేటప్పుడు మొదట గీసిన కాగితాన్ని మళ్ళీ తీసి, ఎవరికి ఏది పొట్టిదైందో దాని మీద రాసి అదే సంచిలో పెట్టండి. ఎవరికీ సరిపోనివి మిగిలితే అవి బీరువాలో ఉండకూడదు. తెల్లవారుజామున పాలు, పత్రికలు వేసే కుర్రవాళ్ళు, వీధులు ఊడ్చే కార్మికులు, రాత్రి కాపలాదారులు మన వీధిలోనే ఉన్నారు. వారికి ఈ చలి ఒక పూట సరదా కాదు, నెలల తరబడి సాగే పని. శుభ్రంగా ఉతికి, జిప్పు బాగుచేయించి, చలి మొదలయ్యే కార్తీకంలోనే వారి చేతికి అందించండి. జనవరి చివరలో ఇచ్చిన స్వెటర్‌తో ఆ ఏటి చలి తీరదు.